నడుస్తున్నాము, లెక్కగా తింటున్నాము – అయినా బరువు ఎందుకు పెరుగుతుంది?



"సిస్టర్ గారూ, రోజూ పొద్దున్నే నడుస్తున్నాను. రాత్రి రెండు పుల్కాలే తింటున్నాను. కేలరీలు కూడా పుస్తకంలో రాసుకుంటున్నాను. అయినా బరువు పెరిగాను!" ఓ.పి.లో బరువు చూసుకుని దిగుతూ ఎవరో ఒకరు ఈ మాట అనని వారం ఉండదు. వింటున్నవారు నవ్వి, "ఎక్కడో తింటూనే ఉంటారులెండి" అంటారు. ఒకసారి నేనూ ఆ మాట అన్నాను. అన్నందుకు ఈనాటికీ బాధపడుతున్నాను. అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

కొన్ని సంవత్సరాల క్రితం ఒక రిటైర్డ్ టీచరమ్మ గారు వచ్చారు. చాలా క్రమశిక్షణ గల మనిషి. నెల రోజుల్లో 4 కిలోలు పెరిగానని చెప్పారు. నేను పనుల తొందరలో ఉండి, "అన్నం ఇంకా తగ్గించండి టీచరమ్మ గారూ" అని పంపేశాను. మూడు వారాల తరువాత ఆమెను ఆయాసంతో స్ట్రెచర్ మీద తీసుకువచ్చారు. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. రాత్రుళ్ళు దిండ్లకు ఆనుకుని కూర్చుంటే గాని నిద్ర పట్టడం లేదట. గుండె బలహీనపడి ఒంటికి నీరు చేరింది. నా మాట విని ఆమె అన్నం బాగా తగ్గించి, ఆకలికి ఉప్పు మజ్జిగ తాగుతూ గడిపారు. ఆ ఉప్పు నీటిని ఇంకా పట్టి ఉంచింది. నీరు పోయే ఇంజక్షన్లతో వారంలో 5 కిలోలు తగ్గి, కోలుకుని ఇంటికి వెళ్ళారు. ఆ మొదటి రోజున నేను ఆమె కాళ్ళు చూసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మొదటి ప్రశ్న: బరువు ఎంత త్వరగా పెరిగింది?

నీటికి కేలరీలు లేవు గాని బరువు ఉంది. ఒక లీటరు నీరు ఒక కిలో. కొవ్వు మెల్లగా, నెలల మీద పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. చీలమండ పైన ఎముక మీద బొటనవేలితో కొన్ని సెకన్లు నొక్కి తీయండి. గుంట పడి అలాగే ఉండిపోతే నీరు చేరినట్లే. గుండె, మూత్రపిండాలు, కాలేయం జబ్బులలో ఇలా జరుగుతుంది. పాదాల వాపు, పడుకుంటే ఆయాసం, మూత్రం తగ్గడం, ఉదయం ముఖం ఉబ్బడం – వీటిలో ఏది ఉన్నా వెంటనే డాక్టరు గారికి చూపించాలి. గర్భిణీ స్త్రీకి ఇలా ఒక్కసారిగా బరువు పెరిగి ముఖం, చేతులు వాస్తే అదే రోజు బి.పి. చూపించాలి.

రెండవ ప్రశ్న: మన లెక్క సరిగా ఉందా?

లెక్క తప్పడం అబద్ధం చెప్పడం కాదు. 1992లో న్యూయార్క్‌లో ఒక పరిశోధన జరిగింది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పిన 10 మందిని పరీక్షించారు. వారు తిన్నదానిని దాదాపు సగం తక్కువగా, చేసిన శ్రమను దాదాపు సగం ఎక్కువగా లెక్క వేసుకున్నారని తేలింది. మనమూ అంతే.

మన ఇళ్ళలో లెక్కలోకి రానిది ముఖ్యంగా నూనె. ఒక గ్రాము నూనెలో 9 కేలరీలు ఉంటాయి. నలుగురు ఉన్న ఇంట్లో నెలకు 6 లీటర్ల నూనె అయిపోతుంటే ఒక్కొక్కరికి రోజుకు సుమారు 45 గ్రాములు, అనగా 400 కేలరీలు. పుస్తకంలో "వంకాయ కూర ఒక కప్పు" అని రాస్తాము గాని అందులోని నూనె రాయము. మనిషికి రోజుకు 20 నుండి 30 గ్రాముల నూనె సరిపోతుంది. కావున అలాంటి ఇంటికి నెలకు 3 లీటర్లకు కొంచెం పైన చాలు.

రెండు చెంచాల పంచదార వేసిన టీ ఒక కప్పుకు 80 నుండి 100 కేలరీలు అవుతుంది. ఆదివారం ఆరాధన తరువాత ఒక టీ, పరామర్శకు వెళ్ళిన ఇంట్లో ఒకటి, ఆఫీసులో రెండు. ఇవి ఎవరి పుస్తకంలోనూ ఉండవు. పిల్లలు కంచంలో వదిలేసినది పారేయలేక తల్లి తినే ముద్దలూ అంతే.

ఇక నడక. 60–70 కిలోల మనిషి అరగంట వేగంగా నడిస్తే ఖర్చయ్యేది సుమారు 100 నుండి 150 కేలరీలు. తిరిగి వస్తూ తిన్న రెండు బజ్జీలు దానిని తుడిచేస్తాయి. అయినా నడక మానకండి. బరువు తగ్గకపోయినా బి.పి.కి, షుగరుకు, నిద్రకు, మనసుకు నడక మేలు చేస్తుంది.

మూడవ ప్రశ్న: ఏ మందులు వాడుతున్నాము?

స్టిరాయిడ్ మాత్రలు, ఇన్సులిన్, షుగరుకు వాడే గ్లిమిపిరైడ్ వంటి కొన్ని మాత్రలు, మానసిక జబ్బులకు, మూర్ఛకు ఇచ్చే కొన్ని మందులు బరువు పెంచవచ్చు. కీళ్ళ నొప్పులకు, ఉబ్బసానికి పేరు లేని పొట్లాలలో ఇచ్చే మాత్రలు వాడేవారు జాగ్రత్త. వాటిలో స్టిరాయిడ్ ఉండవచ్చు. ముఖం గుండ్రంగా అవుతుంటే ఆ పొట్లం తీసుకుని ఆసుపత్రికి రండి. ఏ మందునూ మీ అంతట మీరు ఆపవద్దు. స్టిరాయిడ్ ఒక్కసారిగా ఆపితే ప్రాణానికే ప్రమాదం. డాక్టరు గారు మోతాదు మార్చగలరు, లేదా వేరే మందు ఇవ్వగలరు.

నాల్గవ ప్రశ్న: శరీరంలో వేరే కారణం ఉందా?

అలసట, చలికి తట్టుకోలేకపోవడం, మలబద్ధకం, చర్మం పొడిబారడం, నెలసరి ఎక్కువగా అవడం ఉంటే థైరాయిడ్ కోసం టి.ఎస్.హెచ్. రక్త పరీక్ష చేయించుకోండి. అయితే థైరాయిడ్ వలన పెరిగే బరువు సాధారణంగా 2 నుండి 5 కిలోలు మాత్రమే. 15 కిలోలకు థైరాయిడ్ ఒక్కటే కారణం కాదు. మాత్ర ఇస్తే పరగడుపున మంచినీళ్ళతో వేసుకుని, కనీసం అరగంట తరువాతే కాఫీ తాగండి.

ఆడపిల్లలకు నెలసరి క్రమం తప్పడం, గడ్డం మీద వెంట్రుకలు రావడం ఉంటే దాచకుండా తీసుకురండి. అండాశయాల సమస్య కావచ్చు. దానికి చికిత్స ఉంది.

ఇంట్లో చేయవలసినవి

1. వారానికి ఒకసారి, ఉదయం పరగడుపున, ఒకే యంత్రం మీద బరువు చూసుకోండి. ఒక్క రోజులోనే ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ కావడం సహజం. గుండె జబ్బు ఉన్నవారు మాత్రం రోజూ చూసి రాసుకోవాలి.

2. కొత్తగా వ్యాయామం మొదలుపెట్టినప్పుడు కండరాలు కొంత నీరు పట్టి ఉంచుతాయి. కొన్ని వారాలు ఓపిక పట్టండి. నడుము కొలత కూడా రాయండి. స్త్రీలకు 80, పురుషులకు 90 సెంటీమీటర్లు దాటకూడదు.

3. నూనె డబ్బా తెరిచిన తేదీ దాని మీద రాయండి. ఎన్ని రోజులకు అయిపోయిందో చూడండి.

4. ఆసుపత్రికి వచ్చేటప్పుడు బరువు రాసిన పుస్తకం, వాడే మందులన్నీ తీసుకురండి.

చివరిగా కుటుంబ సభ్యులకు ఒక మనవి. మీ ఇంట్లో ఎవరైనా "తక్కువే తింటున్నాను, అయినా పెరుగుతున్నాను" అంటే నవ్వకండి. ముందు వారి కాళ్ళు చూడండి, తరువాత మందులు చూడండి, ఆ తరువాతే కంచం చూడండి. మా నర్సింగ్ విద్యార్థినులకు కూడా ఇప్పుడు ఈ వరుసలోనే నేర్పుతున్నాను.

– నర్సింగ్ సూపరింటెండెంట్