లేటెక్సు పరుపును పరీక్షించి కొనుట

వంకాయలు కొనునప్పుడు మనము పుచ్చులున్నవేమోయని త్రిప్పి చూతుము. బియ్యము కొనునప్పుడు నాలుగు గింజలు నోట వేసికొని కొఱికి చూతుము. కుండ కొనునప్పుడు వ్రేలితో కొట్టి శబ్దము విందుము. కాని వేలకొలది రూపాయలు వెచ్చించి పరుపు కొనునప్పుడు పైగుడ్డ మీది పువ్వులను చూచి, అంగడివాని మాట విని, సంతోషముతో ఇంటికి తెచ్చుకొందుము. ఈ పొరబాటు నేనును చేసితిని. విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునని దానినిచ్చట వ్రాయుచున్నాను.

మా అమ్మగారికి నడుమునొప్పి కలదు. ఆమె పరుండు దూదిపరుపు ఉండలు కట్టి గట్టిపడెను. లేటెక్సు పరుపు మంచిదని విని, ఆమె చాలకాలముగా కూడబెట్టుకొన్న సొమ్ము నా చేతికిచ్చి, "అబ్బాయీ, సరిగా చూచి తెమ్ము" అనిరి. నేను తెచ్చితిని. కూలివాడు దానిని ఒక్క భుజముపై వేసికొని మెట్లెక్కుచుండగా, ఎంత తేలికగా నున్నదని మురిసితిని. సంవత్సరము తిరుగకమునుపే నడుము ఆను చోట పల్లము పడెను. అమ్మగారు నా మనసు నొచ్చునని చెప్పక, రాత్రులు క్రింద చాప పఱచుకొని పరుండుచుండిరి. అది తెలిసిననాడు గలీబు జిప్పు తీసి చూచితిని. పైన ఒక్క అంగుళము లేటెక్సు. దాని క్రింద ఐదంగుళములు సాధారణమైన ఫోము. అంగడికి పోయి అడుగగా యజమాని బిల్లు చూపెను. అందు "లేటెక్సు పరుపు" అని మాత్రమే యుండెను. ఎంత లేటెక్సో నేనడుగలేదు, ఆయన వ్రాయలేదు.

లేటెక్సు అనగా నేమి?

రబ్బరు చెట్టు బెరడును గీయగా కారు పాలకే లేటెక్సని పేరు. ఈ చెట్టు జన్మస్థానము దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులు. 1876లో హెన్రీ విక్‌హామ్ అను ఆంగ్లేయుడు దాని విత్తనములను లండను చెంతనున్న క్యూ తోటకు చేర్చెను. అచ్చట మొలచిన మొక్కలు సింహళమునకును ఇతర దేశములకును పోయెను. మన దేశమున నేడు కేరళము ఈ పంటకు ముఖ్యస్థానము. తెల్లవాఱకమునుపే బెరడు గీచి, పాలను చిప్పలలో పట్టుదురు. అవి గడ్డకట్టకుండ అమ్మోనియా కలిపి, యంత్రములలో త్రిప్పి చిక్కబఱచుదురు.

పచ్చి రబ్బరు ఎండకు జిగురగును, చలికి బిరుసగును. గంధకముతో కలిపి వేడిచేసిన ఈ దోషము పోవునని 1839లో అమెరికాకు చెందిన ఛార్లెసు గుడ్‌ఇయర్ కనుగొనెను. 1929లో ఇంగ్లండున డన్‌లప్ సంస్థ ప్రయోగశాలలో రబ్బరు పాలను నురుగుగా గిలకొట్టి, మూసలో పోసి, గట్టిపఱచు విధానమును సాధించిరి. దీనినే డన్‌లప్ పద్ధతియందురు. టలలే పద్ధతియని మఱియొకటి కలదు. అందు మూసను కొంతవఱకే నింపి, గాలిని లాగివేయగా నురుగు పొంగి మూసంతయు నిండును. పిమ్మట దానిని ఘనీభవింపజేసి వేడిచేయుదురు. ఇది ఎక్కువ సమముగానుండును, వెలయు నెక్కువ. రెండును మంచివే.

పెట్రోలియమునుండి చేసిన కృత్రిమ లేటెక్సును కూడ కలదు. దానిని దాని పేరుతో, దాని వెలకు అమ్మిన తప్పులేదు. సహజమైన దానితో కలిపి, "సహజ లేటెక్సు" అని అమ్ముటయే తప్పు. నూటికి నూఱుపాళ్లు సహజమన్న పరుపులోను గంధకము, జింకు ఆక్సైడు మొదలగునవి కొలదిగా నుండితీరును. అవి లేనిచో నురుగు నిలువదు.

త్రాసు చెప్పిన సాక్ష్యము

చెడిన పరుపునుండి రెండు ముక్కలు కోసి మా తరగతికి తీసికొనిపోయితిని. లేటెక్సు ముక్క పొడవు 10, వెడల్పు 10, మందము 2.5 సెంటీమీటర్లు, అనగా 250 ఘన సెంటీమీటర్లు. త్రాసులో 20 గ్రాములు తూగెను. ఫోము ముక్క 1000 ఘన సెంటీమీటర్లు. తూకము 28 గ్రాములు మాత్రమే. విద్యార్థులు లెక్కగట్టి, ఘన మీటరునకు లేటెక్సు 80 కిలోలనియు, ఫోము 28 కిలోలనియు చెప్పిరి.

మా పరుపు పొడవు 2 మీటర్లు, వెడల్పు 1 మీటరు, మందము 15 సెంటీమీటర్లు. అంతయు అట్టి లేటెక్సయినచో 24 కిలోలుండవలెను. అది 11 కిలోలే యుండెను. కూలివాని భుజము ఆనాడే నిజము చెప్పినది, నాకు వినబడలేదు.

కొనువారు చూడవలసినవి

మొదటిది బరువు. కొలతలు తీసికొని ఘనపరిమాణము కట్టి, చెప్పిన సాంద్రతతో గుణించి, తూకముతో సరిచూడవలెను. అయితే సుద్దవంటి పొడులు కలిపియు బరువు పెంచవచ్చును గాన, తూకమొక్కటియే చాలదు.

రెండవది లోపలి రూపము. గలీబు జిప్పు తీయించి ప్రక్కలను, అడుగును చూడవలెను. పొరలెన్ని? ప్రతి పొర దేనితో చేసినది? లేటెక్సులో సాధారణముగా వరుసగా రంధ్రములుండును. మూసలోని కడ్డీలు వేడిని లోపలికి చేర్చుటచే నేర్పడిన గుర్తులవి. జిప్పు తీయనీయని అంగడిలో కొనకుండుట మేలు.

మూడవది స్పర్శ. అఱచేతితో నొక్కి వదలినంతనే పైకి లేవవలెను. అంచును మెల్లగా పిండినప్పుడు పొడిరాలినచో అది చెడిన సరకు. ఎండయు వెలుతురును రబ్బరును పెళుసు చేయును. కాబట్టి ఇంటికి తెచ్చిన పిదప పరుపును నీడలోనే ఆరవేయవలెను.

నాలుగవది కాగితము. సహజమైనదెంత, కృత్రిమమైనదెంత, లేటెక్సు మందమెంత, సాంద్రత ఎంత అని అడిగి, బిల్లుపై వ్రాయించుకొనవలెను. ముద్రల అర్థమును తెలిసికొనవలెను. ఓకో-టెక్స్ ముద్ర హానికర పదార్థములకై పరీక్షించినట్లు తెలుపును. రబ్బరు చెట్టునుండి వచ్చినదని అది చెప్పదు.

ఐదవది పరుండువారి దేహము. గట్టితనము వేఱు, నాణ్యత వేఱు. మేలైన లేటెక్సే మెత్తగానో గట్టిగానో చేయవచ్చును. కనుక ఎవరి కొఱకు కొనుచున్నామో వారే వచ్చి పావుగంటసేపు దానిపై పరుండి చూడవలెను. రబ్బరు సరిపడనివారు వైద్యునడిగి కొనవలెను.

రెండవమాఱు అమ్మగారిని వెంటబెట్టుకొని పోయితిని. సొమ్ము తక్కువగుటచే మూఱ వెడల్పు తగ్గించి చిన్న పరుపు కొంటిమి గాని, సరకు తగ్గింపలేదు. జిప్పు తీయించి, తూయించి, బిల్లు వ్రాయించితిని. దానిని ఇద్దఱు మనుష్యులు మోసికొనివచ్చిరి. చాప మరల గోడకు చేరినది.

విద్యార్థులారా, ఘనపరిమాణము, సాంద్రత అను పాఠములు పరీక్షకొఱకే యని తలంపకుడు. నేను వానిని పెక్కేండ్లు బోధించితిని గాని, అంగడిలో ఒక్కమాఱైనను జ్ఞాపకము చేసికొనలేదు. మీ ఇంట పరుపు కొనునాడు మీరే కొలబద్దయు కాగితమును తీసికొని పెద్దలవెంట పొండు.

అభ్యాసము: ఒక పరుపు పొడవు 190, వెడల్పు 150, మందము 15 సెంటీమీటర్లు. అంతయు ఘన మీటరునకు 80 కిలోల లేటెక్సని అంగడివాడు చెప్పెను. తూకము 18 కిలోలు. ఉండవలసిన బరువెంత? అతనిని మీరడుగవలసిన ప్రశ్న ఏది?