సాలీడు కాటుకు విరుగుడు ఉందా?

ప్రశ్న: మా అమ్మాయి సిడ్నీలో ఉంటోంది. పెరట్లో ఫనెల్ వెబ్ సాలీడు కనిపించిందట. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. అది కరిస్తే బతకరని ఎవరో చెప్పారు. నాకు నిద్ర పట్టడం లేదు డాక్టరు గారూ.
– ఒక తల్లి, గుంటూరు

సమాధానం: జాగ్రత్త పడాల్సిన సాలీడే తల్లీ. కానీ బతకరన్న మాట పాతది. విరుగుడు రాకముందు దీని కాటుకు 13 మంది చనిపోయినట్టు ఆస్ట్రేలియాలో నమోదైంది. స్ట్రువన్ సదర్లాండ్ మెల్‌బోర్న్‌లో తయారుచేసిన మందు 1981లో వాడకంలోకి వచ్చింది. ఆ తర్వాత ఈ కాటుతో ఒక్క మరణమూ లేదు.

మనుషుల్నీ కోతుల్నీ చంపగల ఈ విషం కుందేలును పెద్దగా ఏమీ చేయదు. విరుగుడు తయారయ్యేదీ కుందేళ్లలోనే. నెలల తరబడి మోతాదు పెంచుతూ వాటికి విషం ఎక్కించి, రక్తంలో పుట్టిన యాంటీబాడీలను వేరుచేస్తారు. విషం మగ సాలీళ్ల నుంచి తీస్తారు. ఆడదాని కంటే మగదాని విషమే చాలా ప్రమాదకరం. కదిలిస్తే చాలు, ముందుకాళ్లెత్తి లేస్తుంది. కోరల కొసన సన్నని బొట్టు నిలుస్తుంది. ఆ బొట్టును గాజు గొట్టంతో పీల్చుకుంటారు. ఒక్క సీసా మందు వెనక ఇలాంటి బొట్లు ఎన్నో!

కరిస్తే ఆ చేతికో కాలికో మొత్తం వెడల్పాటి ఎలాస్టిక్ బ్యాండేజీ గట్టిగా చుట్టి, కదలకుండా బద్ద కట్టి, వెంటనే 000కి ఫోన్ చేయమనండి. తాడు బిగించొద్దు, కోయొద్దు. ఆసుపత్రిలో పిల్లలకూ పెద్దల మోతాదే ఇస్తారు, కంగారు పడొద్దు. ఒంట్లోకి వెళ్లిన విషం పిల్లలకైనా పెద్దలకైనా అంతే కదా.

ప్రశ్న: ఆస్ట్రేలియాలోని రెడ్‌బ్యాక్ సాలీడుకూ మందు ఉందట. అదీ ఇంత బాగా పనిచేస్తుందా?
– ఒక నర్సింగ్ విద్యార్థిని, వరంగల్

సమాధానం: అంత నమ్మకంగా చెప్పలేను. ఆ మందు 1956 నుంచీ ఉంది. 224 మంది రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలు 2014లో వచ్చాయి. రెండు గంటల్లో నొప్పి బాగా తగ్గినవారు మందు తీసుకున్న వాళ్లలో నూటికి 34, ఉత్త సెలైన్ తీసుకున్న వాళ్లలో 23. ఇంత చిన్న తేడా కాకతాళీయం కూడా కావచ్చు. విరుగుడు అనగానే ప్రాణం నిలిపే మందేనని అనుకోకూడదమ్మా. ఏ విషం లెక్క దానిదే.

ప్రశ్న: మా అడవిలో చెట్టు తొర్రల్లో నీలం సాలీళ్లుంటాయి. కరిస్తే పాముకాటు సూది వేయించుకోవచ్చా?
– ఒక రైతు, గిద్దలూరు

సమాధానం: వద్దు. ఆ సూది నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు మాత్రమే. గుర్రం రక్తంతో చేసిన మందు కాబట్టి ఒక్కోసారి ప్రమాదకరమైన అలర్జీ వస్తుంది. పనికిరాని చోట ఆ ముప్పు ఎందుకు? మీ సాలీడుకు ప్రత్యేక విరుగుడు లేదు. విపరీతమైన నొప్పి, కండరాలు పట్టేయడం కొన్నాళ్లు బాధిస్తాయి. డాక్టరు ఇచ్చే నొప్పి మందులతో, కండరాలు సడలించే మందులతో తగ్గుతాయి. అది కరిచి మనిషి చనిపోయిన దాఖలా లేదు.

1899లో గుత్తి రైల్వే కలప యార్డులో తొలిసారి దొరికింది కాబట్టి దానికి గుత్తి పేరు వచ్చింది. అసలు ఇల్లు మాత్రం నంద్యాల, గిద్దలూరు మధ్య ఉన్న మీ అడవే. అది అంతరించిపోయే దశలో ఉంది. కనిపిస్తే చెయ్యి పెట్టకండి, చంపకండి.