పెరటి కోళ్లు: జాతి కన్నా ముందు గూడు

తెలుగు పల్లెల్లో పెరటి కోళ్ల పెంపకం చాలావరకు స్త్రీల చేతిలో ఉన్న జీవనాధారం. గుడ్లు అమ్మిన డబ్బు, పండుగ ముందు పుంజును అమ్మిన డబ్బు ఇల్లాలి చేతికే వస్తాయి. పిల్లవాని పుస్తకానికో, జ్వరానికి మందుకో ఎవరినీ అడగకుండా ఆమె ఖర్చు చేయగల సొమ్ము అది. అందువల్ల ఒక రాత్రి పిల్లి ఎత్తుకుపోయిన రెండు పెట్టలు గాని, కొక్కెర తెగులుతో వారం రోజుల్లో ఊడ్చిపెట్టుకుపోయిన మంద గాని ఆ ఇంటి లెక్కలో చిన్న నష్టాలు కావు.

పెరటి కోళ్ల గురించిన చర్చ సాధారణంగా జాతితో మొదలవుతుంది. నాటు పెట్ట ఏడాదికి సుమారు 50 నుండి 70 గుడ్లు పెడుతుంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం రూపొందించిన గ్రామప్రియ పెరటి పరిస్థితుల్లో సుమారు 160 నుండి 180 గుడ్లు, వనరాజా సుమారు 100 నుండి 110 గుడ్లు పెడతాయి. ఈ అంకెల్లో అతిశయోక్తి లేదు. కాని ఇవి బతికి ఉన్న కోడి పెట్టే గుడ్ల సంఖ్యలన్న సంగతి తరచుగా మరుగున పడుతోంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక ఇంట 10 గ్రామప్రియ పెట్ట పిల్లలను కొని తెచ్చారనుకుందాం. రాత్రి గూడు లేక, టీకా అందక, గుడ్లకు వచ్చే నాటికి వాటిలో 3 మాత్రమే మిగిలాయి. ఒక్కొక్కటి 160 చొప్పున ఏడాదికి 480 గుడ్లు. పక్క ఇంట 8 నాటు పెట్టలు గూటిలో భద్రంగా ఉండి ఒక్కొక్కటి 60 చొప్పున పెడితే అవి కూడా 480 గుడ్లే. మొదటి ఇల్లు పిల్లలకు ధర చెల్లించింది. రెండో ఇంటి పిల్లలను తల్లికోడి పొదిగి ఇచ్చింది. మేలుజాతి వల్ల కలగవలసిన లాభమంతా గూడు లేకపోవడం వల్ల హరించుకుపోయింది. కాబట్టి పెరటి పెంపకంలో మొదటి పెట్టుబడి గూటిపైన, రెండవది టీకాపైన, మూడవది మాత్రమే జాతిపైన పెట్టడం ఉచితం.

గూడు నిర్మాణం

మన ఇళ్లలో పాతకాలం నుండి రెండు ఏర్పాట్లు ఉన్నాయి. ఒకటి వెదురు గంప, రెండవది ఇంటి గోడకు ఆనించి కట్టిన మట్టి గూడు. గంప తల్లికోడికి, పిల్లలకు తగినదే గాని మందకు చాలదు. మట్టి గూడు పిల్లి, ముంగిసల నుండి బాగానే కాపాడుతుంది. అయితే చిన్న ద్వారం తప్ప గాలి ఆడే దారి దానికి ఉండదు. రెట్ట నుండి వెలువడే ఘాటైన వాయువు లోపలే నిలిచి కోళ్ల కళ్లను, శ్వాసనాళాలను దెబ్బతీస్తుంది. చేయి దూరనంత ఇరుకుగా ఉండే గూటిని శుభ్రపరచడం కూడా సాధ్యం కాదు. మట్టి గూటి భద్రతను నిలుపుకొంటూ దానికి లేని గాలిని, శుభ్రతను సమకూర్చడమే మెరుగైన గూటి లక్ష్యం.

పది పెద్ద కోళ్లకు 5 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు గల గూడు సరిపోతుంది. దీనివల్ల ఒక్కొక్క కోడికి ఒకటిన్నర చదరపు అడుగుల చోటు లభిస్తుంది. పగలంతా కోళ్లు బయట తిరుగుతాయి గనుక అంతకన్నా ఎక్కువ అవసరం లేదు. గూటి నేల భూమికి రెండున్నర అడుగుల ఎత్తున ఉండాలి. అప్పుడు వర్షాకాలపు తేమ సోకదు, రెట్ట కిందకు రాలిపోతుంది, కింద ఊడ్చుకోవడానికి వీలుంటుంది. పొడవు వైపు తూర్పు పడమరలుగా ఉంచితే ఉదయపు, సాయంకాలపు ఎండ నేరుగా లోపలికి కొట్టదు.

కాళ్లకు, చట్రానికి ఆ ప్రాంతంలో చౌకగా దొరికేదే మంచి కలప. కోస్తాలో సరుగుడు, గోదావరి జిల్లాల మన్యంలో వెదురు, తెలంగాణ మెట్ట ప్రాంతాల్లో తుమ్మ, వేప ఇందుకు పనికివస్తాయి. రాయలసీమలో రాతి కూసాలను కాళ్లుగా నాటితే చెదల బాధే ఉండదు. కాని బండలతో గోడలు కట్టడం మాత్రం మంచిది కాదు. వేసవిలో పగటి వేడిని పీల్చుకున్న బండ అర్ధరాత్రి దాకా ఆ వేడిని వదులుతూనే ఉంటుంది. కర్ర కాళ్ల అడుగుభాగానికి తారు గాని, వాడిన ఇంజన్ నూనె గాని పూసి నాటాలి.

నేలకు అంగుళం వెడల్పు బద్దలను అర అంగుళం సందుతో పరచాలి. ఈ కొలత చిన్నదిగా కనిపించినా గూటి భద్రత చాలావరకు దీనిపైనే ఆధారపడి ఉంటుంది. సందు ఎక్కువైతే కోడి కాలు ఇరుక్కుంటుంది. అంతకన్నా ప్రమాదం, ముంగిసకు తల పట్టినంత సందు చాలు, ఒళ్లంతా లోపలికి వస్తుంది. గోడల అడుగుభాగం ఒక అడుగు ఎత్తు వరకు తడికెతో మూసి, పైభాగానికి అర అంగుళం కన్నులు గల వెల్డు మెష్ బిగించాలి. అంగళ్లలో ఆరు మూలల కన్నులతో చౌకగా దొరికే పలుచని కోళ్ల వల కోడిని లోపల ఉంచుతుందే గాని కుక్కను, పందికొక్కును బయట ఆపలేదు. ఈ ఒక్క వస్తువు విషయంలో చౌకదనం చూడరాదు.

కప్పుకు తాటాకు, వరిగడ్డి శ్రేష్ఠం. రేకు వేసినవారు దానిపైన తాటాకు గాని, కొబ్బరి మట్టలు గాని పరచకపోతే ఏప్రిల్, మే నెలల్లో గూడు పొయ్యిగా మారుతుంది. చూరు అన్ని వైపులా రెండు అడుగులు ముందుకు వస్తే జల్లు లోపలికి కొట్టదు. చెట్టు నీడ మంచిదే గాని చెట్టు కొమ్మ కప్పును తాకుతూ ఉండరాదు. పిల్లికి అది నిచ్చెన అవుతుంది.

లోపల ఒకటిన్నర అంగుళం మందం గల గుండ్రని కర్రలు రెండు, పొడవునా దండెలుగా అమర్చాలి. కోడికి 8 అంగుళాల చొప్పున ఈ రెండు దండెలపై పది కోళ్లు ఇరుకు లేకుండా కూర్చుంటాయి. రెండు దండెలూ ఒకే ఎత్తున ఉండాలి. ఎత్తులు వేరైతే పై దండె కోసం ప్రతి సాయంత్రం పోట్లాట తప్పదు. అయిదు పెట్టలకు ఒకటి చొప్పున గడ్డి వేసిన బుట్టలు గుడ్లకు చాలు. తలుపు కోడి పట్టేంత కాక, మనిషి వంగి చేయి చాచితే చివరి మూల అందేంత పెద్దదిగా ఉండాలి.

ఇంత చేసినా కొన్ని ఇళ్లలో కోళ్లు సాయంకాలం గూటిలోకి పోకుండా చెట్టెక్కుతాయి. దీనిని కోళ్ల మొండితనంగా భావించడం పొరపాటు. కోళ్ల పిడుదులు పగలు కర్ర పగుళ్లలో, తడికె కట్లలో దాగి ఉండి, రాత్రి కోళ్ల రక్తం పీలుస్తాయి. గూటిని తప్పించుకు తిరిగే కోడి, పాలిపోయిన జుట్టు దీనికి గుర్తులు. దండెలను నెలకొకసారి ఊడదీసి ఎర్రటి ఎండలో పెట్టాలి. పగుళ్లను సున్నంతో పూడ్చాలి. ఉధృతి ఎక్కువగా ఉంటే పశువైద్యుని సలహాతో మందు పిచికారీ చేయాలి. మందు కొట్టిన రోజు కోళ్లను గూటిలోకి రానీయరాదు.

కోళ్లకు గూడు అలవాటు కావడానికి సులభమైన ఉపాయం సాయంకాలపు గింజ. పెరట్లో పురుగు, ఆకు, రాలిన గింజ ఏరుకొనే కోడికి రోజుకు మరో 30 నుండి 50 గ్రాముల నూకలు, తవుడు, జొన్నలు అవసరం. దానిని ఉదయం చల్లితే కోడి తిని సోమరిగా తిరుగుతుంది. మునిమాపువేళ గూటి ముందు చల్లితే ఆ పిలుపుకే మందంతా చేరుతుంది. చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు. ఒకసారి లోపల కూర్చున్నాక అది కదలదు. ఇక మిగిలేది తలుపు గొళ్లెం పెట్టడమే. గుడ్లు పెట్టే పెట్టలకు సున్నపు రాతి పలుకులో, నత్తగుల్లల పొడో ఒక చిప్పలో విడిగా ఉంచితే తోలుగుడ్లు తగ్గుతాయి.

టీకాకు గూటికి గల సంబంధం

లోకమంతా న్యూకాజిల్ అని పిలిచే వ్యాధిని మన దేశంలో కుమావూ కొండల్లోని పట్టణం పేరుతో రాణిఖేట్ అంటారు. మన రైతులకు అది కొక్కెర తెగులు. ఆకుపచ్చని పారుడు, నోరు తెరచి ఊపిరి తీయడం, మెడ మెలికపడడం, కాళ్లు చచ్చుబడడం దీని లక్షణాలు. వచ్చిన తరువాత చికిత్స లేదు. టీకా ఒక్కటే మార్గం, అదీ ముందుగా వేసినప్పుడే. పిల్లలకు మొదటి వారంలో లసోటా చుక్క కంటిలో గాని ముక్కులో గాని వేసి, 28వ రోజున మళ్లీ వేయాలి. ఆరవ వారంలో మశూచి టీకా, ఎనిమిదవ వారంలో ఆర్2బి టీకా వేయించాలి. ఆర్2బి తీవ్రత గలది గనుక లేత పిల్లలకు వేయరాదు. తరువాత ఆరు నెలలకొకసారి కొక్కెర తెగులు టీకాను వేయిస్తూ ఉండాలి.

ఈ పట్టిక చాలామందికి తెలిసినదే. అయినా టీకా పెరటి కోళ్లకు అందకపోవడానికి రెండు కారణాలున్నాయి. మొదటిది సీసా పరిమాణం. ఒక సీసాలో సాధారణంగా 100 గాని అంతకు మించి గాని మోతాదులు ఉంటాయి. ద్రవంతో కలిపిన తరువాత దానిని మంచు పైన ఉంచి రెండు గంటల లోపల వాడివేయాలి. పది కోళ్లున్న ఇల్లు ఒక సీసా కొని తొంభై మోతాదులు పారబోయడం జరిగే పని కాదు. పది పన్నెండు ఇళ్లు కలిసి ఒక రోజు పెట్టుకుంటే ఒక సీసా వాడకంతో వాడంతటికీ టీకా పూర్తవుతుంది. స్వయం సహాయక సంఘం సమావేశంలో ఈ తేదీ నిర్ణయించుకోవడం తేలిక. ఊళ్లో సగం కోళ్లకే టీకా పడితే మిగిలిన సగంలో తెగులు తిరుగుతూనే ఉంటుంది గనుక అందరూ కలిసి రావడం ప్రతి ఇంటి అవసరం కూడా.

రెండవ కారణం కోడి చేతికి చిక్కకపోవడం. చింతచెట్టు మీద పడుకొనే కోడిని తెల్లవారాక వెంటాడి పట్టుకోవడం టీకా వేసేవారి వల్ల కాదు, ఆ ఇంటివారి వల్ల కూడా కాదు. నాలుగు దొరికితే ఆరు తప్పించుకుంటాయి. గూటిలో మూసిన మందకైతే తెల్లవారుజామున తలుపు తెరిచే ముందు ఒక్కొక్కదానినే చేతికి తీసుకొని టీకా వేసి బయటకు వదలవచ్చు. చల్లని వేళ కావడం వల్ల టీకా కూడా చెడదు. చెట్టు మీది కోడికి టీకా అందదన్నది పల్లెల్లో చాలామంది ఇదివరకే గ్రహించిన సంగతి.

సంత నుండి తెచ్చిన కోడిని నేరుగా మందలో కలపరాదు. రెండు మూడు వారాలు వేరే గంప కింద ఉంచి గమనించాలి. తెగులుతో చచ్చినదానిని చెరువు గట్టున పారవేయక, లోతుగా గుంత తీసి సున్నం చల్లి పూడ్చాలి. తెగులు కనిపించగానే మిగిలిన కోళ్లను హడావుడిగా సంతకు తోలడం వల్లనే అది పొరుగూళ్లకు పాకుతోంది. ఇందులో అమ్మేవారి బాధ అర్థం చేసుకోదగినదే. అయినా ఆ పని మానుకోవలసినదే.

జాతి, పిల్లల సాకుడు

గూడు, టీకా అమరిన ఇంట మేలుజాతి తన అంకెలను నిజం చేస్తుంది. గుడ్లు ప్రధానమనుకునే ఇంటికి గ్రామప్రియ, మాంసం గుడ్లు రెండూ కావాలనుకునే ఇంటికి వనరాజా తగినవి. అయితే కొని తెచ్చే ఒక రోజు పిల్లలకు తల్లి లేదన్న సంగతి గుర్తుంచుకోవాలి. మొదటి ఆరు వారాలు ఆ తల్లి పనిని ఇంటివారే చేయాలి. మొదటి వారం పిల్లల ఎత్తులో 95 డిగ్రీల ఫారన్‌హీట్ వేడి ఉండి, వారానికి 5 డిగ్రీల చొప్పున తగ్గుతూ రావాలి. యాభై పిల్లలకు 100 వాట్ల పాతరకం తీగ బల్బు చాలు. ఈ రోజుల్లో ఇళ్లలో ఎక్కువగా ఉన్న ఎల్ఈడీ బల్బు వెలుతురు ఇస్తుంది గాని పిల్లలను కాపాడేంత వేడి ఇవ్వదు. దానిని వేలాడదీసి నిశ్చింతగా ఉంటే తెల్లవారేసరికి పిల్లలు గుట్టపడి చచ్చి ఉంటాయి. వేడి సరిపోయిందో లేదో పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుమిగూడితే చలి, దూరంగా పోయి రొప్పితే వేడి, చుట్టూ సమంగా పరచుకొని తింటూ ఉంటే సరైన స్థితి. ఊక పరచిన చోటు చుట్టూ అట్టతో గుండ్రని కంచె కట్టాలి. మూలలుంటే పిల్లలు అక్కడ ఒకదానిపై ఒకటి పడి నలిగిపోతాయి.

ఇంత సాకుడు సాధ్యం కాని ఇంటివారు ఆరు వారాల వయసు గల, టీకాలు పూర్తయిన పిల్లలను కొనడమే మేలు. ధర ఎక్కువైనా బతికే పిల్లకే ఆ ధర.

మేలుజాతి పెట్టలు చాలావరకు పొదుగుకు రావు. అందుచేత గూటిలో రెండు నాటు పెట్టలను ఉంచుకోవడం వివేకం. పొదగడంలోను, పిల్లలను కాపాడడంలోను మన అసీల్ పెట్టకు మించినది అరుదు. పది పెట్టలకు ఒక పుంజు ఉంటే గుడ్లు ఫలదీకరణ చెందుతాయి. పొదుగుకు వేసవిలో నాలుగైదు రోజులు, మిగిలిన కాలాల్లో వారం రోజులు మించని గుడ్లనే ఏరి, ఒక పెట్ట కింద 10 నుండి 12 పెట్టాలి. ఏడవ రాత్రి టార్చి వెలుగుకు ఎదురుగా పట్టి చూస్తే ప్రాణమున్న గుడ్డులో ఎర్రని నరాలు సాలెగూడులా కనిపిస్తాయి. తేటగా కనిపించేవాటిని తీసివేయవచ్చు. 21వ రోజుకు పిల్లలు వస్తాయి. తల్లిని పిల్లలను కొద్ది రోజులు గంప కింద ఉంచాలి. ఆ తరువాత అదే గంపను, పిల్లలు మాత్రమే దూరేంత సందుతో రాళ్లపై ఎత్తి పెట్టి, లోపల నూకలు వేస్తే పెద్ద కోళ్ల పోటీ లేకుండా పిల్లలు తింటాయి. గద్ద కనిపించినప్పుడు అవి దూరేదీ ఆ గంప కిందకే.

గ్రామప్రియ సంకర జాతి గనుక దాని గుడ్ల నుండి ఇంట్లో పొదిగించిన పిల్లలు తల్లి అంతటి గుడ్ల దిగుబడి ఇవ్వవు. గుడ్ల కోసమే పెంచే మందలో ప్రతిసారీ కొత్త పిల్లలను తెచ్చుకోవాలి. ఇంట పుట్టిన పిల్లల్లో పుంజులను మాంసానికి, పెట్టల్లో చురుకైనవాటిని గూటిలో ఖాళీ ఉన్నంత వరకు ఉంచుకోవాలి. పది కోళ్లకు కట్టిన గూటిలో పదిహేను కోళ్లను తోసిన ఇంట తొలి వర్షాలకే దగ్గు, పారుడు మొదలవుతాయి. సంఖ్య పెంచదలచినవారు ముందు రెండో గూటికి కర్రలు సమకూర్చుకోవాలి.