అడుసును నీటిని దాటు వాహనములు

మన తలుపుల ప్రాంతమున వానలు తక్కువ. అయినను చెరువు క్రింది అడుసుదారిలో బండిచక్రము ఇరుసుదాక దిగబడుట మీరు చూచియే యుందురు. ఎడ్లు ఎంత లాగినను బండి కదలదు. అట్టిచోట మనుష్యుడే చిక్కుకొన్నచో వానిని చేరుట యెట్లు?

1965 మార్చి 19వ తేదీన బెల్యాయెవ్, లియొనోవ్ అను సోవియెట్ వ్యోమగాములు అంతరిక్షమునుండి తిరిగివచ్చుచు, నిర్ణీతస్థలమునకు దూరముగా పెర్మ్ ప్రాంతపు మంచుటడవిలో దిగిరి. చెట్ల దట్టమువలన హెలికాప్టరు వారిచెంత దిగజాలలేదు. వారు రెండు రాత్రులు ఆ యడవిలోనే గడపవలసివచ్చెను.

ఇట్టి యాపదలకై మాస్కోలోని జిల్ మోటారు కర్మాగారమున విటాలీ గ్రాచెవ్ అను యంత్రనిర్మాత నేలపై నడచి నీటిపై తేలు వాహనములను నిర్మించెను. వానిలో ప్రసిద్ధమైనది 1970 తరువాతి దశకమున వెలువడిన 'నీలిపిట్ట'. దీని ఆరు చక్రములును ఇంజనుచే తిరుగును. ముందు చక్రములేగాక వెనుకవియు మలుపు తిరుగును. వాహనము తన బరువుకు సమానమైన బరువుగల నీటిని తొలగించుటచే తేలును. ఖాళీ డబ్బాను నీటితొట్టిలో నుంచి మీరే పరీక్షింపుడు.

ఐనను చక్రములు సాగని లోతైన బురదయు, మెత్తని మంచును కలవు. అందులకై గ్రాచెవ్ బృందము చక్రములే లేని మఱియొక బండిని చేసెను. దానికి ఇరుప్రక్కల రెండు పొడవైన బోలు పీపాలు, వానిచుట్టు మరమేకు చుట్లవంటి రేకులు ఉండును. పీపాలు బండిని తేల్చును. ఎదురెదురుగా తిరుగుచు రేకులు బురదను వెనుకకు నెట్టగా బండి ముందుకు సాగును. కాని గట్టినేలపై రేకులు అరిగిపోవును. కనుక నీలిపిట్ట దీనిని తన వీపున మోసికొనిపోయి బురద యంచున దింపును. దేనికి తగిన చోటు దానికి కలదు.

హైదరాబాదున చదువుకొన్న రాకేశ్ శర్మగారు 1984 ఏప్రిల్ 3న సోవియెట్ నౌకలో అంతరిక్షమునకేగి, 11న కజకస్థానమున క్షేమముగా దిగిరి. అట్టి ప్రయాణికులు దారితప్పి దిగినచో వెదకి తెచ్చుటకే యీ వాహనములు పుట్టినవి.

తప్పిపోయిన యొక్క గొఱ్ఱెను వెదకబోయిన కాపరి ఉపమానము మనకు తెలిసినదే. ఇద్దరు ముగ్గురు మనుష్యులకొఱకై ఇంత విద్య, ఇంత శ్రమ వెచ్చించుట వ్యర్థముగాదు. మీరు నేర్చు శాస్త్రముకూడ ఆపదలోనున్నవానిని చేరుటకు దారి కావలెను.