తడిసిన ఇంజను – నిదానం

అనకాపల్లి పట్టణానికి చేరువలో, శారదానది నీటితో పండే చెరకుతోటల నడుమ వెలసిన గ్రామం తుమ్మపాల. సహకార చక్కెర కర్మాగారం వలన ఆ పేరు దూరప్రాంతాలలోనూ వినబడింది. కాలువలు, పొలాలు, అంత దూరంలో లేని సముద్రం – ఇన్ని ఉన్నచోట గాలిలో చెమ్మకు కొదువ ఉండదు. చెరకుకు మేలుచేసే ఆ చెమ్మయే పాత పెట్రోలు కార్లకు పగ.

అంబాసిడర్ కార్ల ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. అయినా ఆ తరానికి చెందిన బండ్లు అక్కడక్కడ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటి యజమానులు తరచుగా చెప్పే బాధ ఒకటే: వాన పడితే ఇంజను ఆగిపోతుంది. బండిని మెకానిక్ షెడ్డుకు చేర్చేసరికి ఎండ కాస్తుంది. ఇంజను ఏమీ ఎరగనట్టు పనిచేస్తుంది. అపరాధి ఆవిరైపోయాడన్నమాట! ఇక మిగిలేది ఊహ. ప్లగ్గులు మారుస్తారు, కార్బురేటర్ కడుగుతారు, కొత్త కాయిల్ బిగిస్తారు. మళ్లీ వాన వస్తుంది, బండి మళ్లీ ఆగుతుంది. పోయిన డబ్బు సంగతి అటుంచి, వెనుక లారీలు తరుముకొచ్చే జాతీయ రహదారిపై, చీకటివేళ, బండి హఠాత్తుగా నిలిచిపోవడం ప్రాణాపాయం.

ఆయుర్వేదంలో రోగకారణాన్ని తెలుసుకోవడానికి ‘నిదానం’ అని పేరు. తెలుగులో ఆ మాటకు తొందరపడకపోవడమనే అర్థం కూడా ఏర్పడింది. ఈ యంత్రరోగానికి రెండర్థాలూ అవసరమే. చెమ్మ జాడ షెడ్డులో దొరకదు కనుక, మొదటి సాక్షి బండి నడిపే మనిషే. ఇంజను ఏ వేళ ఆగింది? వానలోనా, నీటి గుంట దాటినాకనా, మంచు కురిసిన తెల్లవారుజామునా? దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా ఆగిందా, దగ్గుతూ, కుదుపుతూ నీరసించి ఆగిందా? ఎంతసేపటికి తిరిగి కదిలింది? ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పగలిగితే సగం వైద్యం అయినట్టే.

ఒక్కసారిగా ఆగితే అనుమానం ముందుగా నిప్పురవ్వ మీదికి పోవాలి. పాత పెట్రోలు కారులో బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల విద్యుత్తును కాయిల్ వేల వోల్టులకు పెంచుతుంది. డిస్ట్రిబ్యూటర్ ఆ విద్యుత్తును వంతులవారీగా నాలుగు ప్లగ్గులకు పంచుతుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు వంద నిప్పురవ్వలు పుట్టాలి. అంతటి వోల్టేజి ఏ చిన్న అడ్డదారి దొరికినా వదలదు. స్వచ్ఛమైన నీరు విద్యుత్తును అంతగా ప్రసరింపజేయదు. కాని దుమ్ము, ఉప్పు కలిసిన చెమ్మ చక్కగా ప్రసరింపజేస్తుంది. డిస్ట్రిబ్యూటర్ మూతలో వెంట్రుకవాసి పగులున్నా, తీగెల రబ్బరు పొరలు చిట్లినా, ఆ తడిదారి గుండా విద్యుత్తు ఇంజను లోహంలోకి జారిపోతుంది. ప్లగ్గుకు చేరదు. అలా జారినచోట క్రమంగా నల్లని బొగ్గుచార పడుతుంది. చార పడిన మూతను గుడ్డతో తుడిచి సరిపెట్టుకోవడం వృథా, మార్చవలసిందే.

ఈ బలహీనత మన బండ్లకే పరిమితం కాదు. 1959లో ఇంగ్లండులో వెలువడిన ‘మినీ’ కారులో ఇంజనును అడ్డంగా అమర్చడంతో డిస్ట్రిబ్యూటర్ ముందరి జాలీకి ఎదురుగా వచ్చింది. వానజల్లు నేరుగా దానిమీదనే పడేది. అక్కడివారు రబ్బరు చేతితొడుగు వేళ్ల కొసలు కత్తిరించి, తీగెలను వాటిగుండా పంపి, డిస్ట్రిబ్యూటర్‌కు తొడిగేవారు. మన డ్రైవర్లు పాలిథిన్ కవరు చుట్టడం కూడా ఇటువంటి ఉపాయమే. అయితే బిగించి కట్టిన కవరు లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు. వాన నుండి కాచినా, రాత్రి చల్లబడేసరికి ఆ ఆవిరే మూత లోపల బిందువులై నిలుస్తుంది.

రోగం పొంచి ఉన్నప్పుడు ఔషధంతోనో, పథ్యంతోనో పరీక్షించి తెలుసుకోవడాన్ని వైద్యులు ‘ఉపశయం’ అన్నారు. మెకానిక్కూ ఆ మార్గమే శరణ్యం. వాన వెళ్లిపోతే వానను తానే కల్పించాలి. చీకటిలో, గాలి ఆడే చోట, ఇంజను నడుస్తుండగా, పిచికారీతో సన్నని నీటితుంపరను ముందుగా ఒక తీగెపై, తరువాత మరొకదానిపై, చివర మూతపై చల్లాలి. లోపమున్న చోట నీలిమెరుపు పాకుతుంది, ఇంజను తడబడుతుంది. అన్నింటినీ ఒకేసారి తడిపితే ఏమీ తేలదు. తీగెలను చేతితో తాకరాదు.

ఇక దగ్గుతూ ఆగే ఇంజను సంగతి. నీరు పెట్రోలు కంటె బరువైనది. ట్యాంకు అడుగున చేరుతుంది. కొంత పెట్రోలును గాజుసీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచితే, నీరుంటే అడుగున వేరే పొర కనబడుతుంది. నేటి పెట్రోలులో చెరకు మడ్డి మొదలైన వాటినుండి తీసిన ఇథనాల్ కూడా కలుస్తున్నది. 2025 నాటికి ఆ పాలు 20 శాతానికి చేరింది. ఇథనాల్ కొద్దిపాటి నీటిని తనలో కలుపుకొంటుంది. నీరు పరిమితి మించితే మాత్రం రెండూ కలిసి పెట్రోలు నుండి విడిపోయి అడుగుకు దిగుతాయి. మూత సరిగా పట్టని ట్యాంకుతో వానాకాలమంతా కదలక నిలిచిన బండికి ఈ ముప్పు ఎక్కువ. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వతో పనిలేదు. అందుచేత అది వానలో ఆగితే డిస్ట్రిబ్యూటర్ కోసం వెతకక, ఇంధనంలోనో, గాలి పీల్చే దారిలోనో నీరు చేరిందేమో చూడాలి.

అన్నింటికన్న మాయలమారి మరొకటి ఉంది. శీతాకాలంలో నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కే పాతకారు, మంచుతెరలో వెళ్తూ నీరసించి ఆగిపోవచ్చు. పెట్రోలు ఆవిరి అయ్యేటప్పుడు కార్బురేటర్ వేడిని లాగేస్తుంది. చెమ్మగాలి అక్కడ గడ్డకట్టి దారి మూసేస్తుంది. పావుగంట ఆగితే ఇంజను వేడికి ఆ మంచు కరిగి, బండి తనంతట తానే బాగుపడుతుంది. మూత విప్పి చూసేవారికి ఏమీ కనబడదు. ఆగిన వెంటనే కార్బురేటర్‌ను చూస్తేనే తెల్లని పొర కంటబడుతుంది.

వరదనీటిలో ఆగిన బండి విషయం వేరు. అక్కడ పరీక్షకు స్టార్టర్ తిప్పరాదు. సిలిండర్‌లో నీరు చేరితే అది గాలిలా అణగదు; పిస్టన్ బలంగా లేచి నీటిని ఢీకొంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. బండిని గట్టుకు నెట్టి, ప్లగ్గులు నాలుగూ ఊడదీసి, కాయిల్ తీగెను తప్పించి, అప్పుడు ఇంజనును తిప్పాలి. లోపల నీరున్నట్లయితే ప్లగ్గు రంధ్రాలగుండా బయటికి చిమ్ముతుంది.