పండ్రెండణాల సంచి

ప్రయాణమునకు బయలుదేరువాని స్వభావము అతని మూటను బట్టి కొంత తెలియును. కొందరు నాలుగు దినముల ప్రయాణమునకు నాలుగు పెట్టెలు సిద్ధము చేసికొందురు. ఆ పెట్టెలను మోయుటకు కూలీలు కావలెను. దింపుటకు చోటు కావలెను. కనిపెట్టి యుండుటకు మనిషి కావలెను. వారు దిగిన యింటి గృహస్థునకు ఆ నాలుగు దినములును ఊపిరాడదు. మరికొందరు చేతిసంచితో బయలుదేరుదురు. వారు ఏ యింటికి పోయినను ఆ యింటివారిలో నొకరై కలిసిపోవుదురు. తిరిగి వెళ్లునప్పుడు, ఇంకను రెండు దినము లుండుమని ఆ యింటివారే బతిమాలుదురు. గాంధీజీ 1902వ సంవత్సరమున కలకత్తా నుండి రాజకోట వరకు చేసిన రైలు ప్రయాణము ఈ రెండవ రకమునకు చెందినది. ఆ ప్రయాణ విశేషములను ఆయన తన ఆత్మకథలో వ్రాసి యుంచెను.

అప్పటికి గాంధీజీకి ముప్పదిరెండేండ్లు. మహాత్ముడను పేరు ఆయనకింకను రాలేదు. దక్షిణాఫ్రికాలో బారిష్టరుగా పని చేయుచు, అచ్చటి భారతీయుల హక్కులకై పాటుపడి, 1901లో స్వదేశమునకు మరలి వచ్చెను. బయలుదేరునప్పుడు అచ్చటివారు బంగారు నగలును, వజ్రపు నగలును కానుకలుగా నిచ్చిరి. ప్రజాసేవకు ప్రతిఫలము పుచ్చుకొనరాదని తలచి, ఆయన వానినన్నిటిని ప్రజాకార్యములకై ధర్మకర్తల కప్పగించెను. మూట తేలిక చేసికొనుట ఆనాడే ఆరంభమైనదని చెప్పవచ్చును.

ఆ సంవత్సరము డిసెంబరులో కలకత్తా నగరమున కాంగ్రెసు మహాసభ జరిగెను. గాంధీజీ ఆ సభకు వెళ్లెను. ప్రతినిధులు విడిసిన చోట మరుగుదొడ్లు చాలినన్ని లేవు. ఉన్నవి మిక్కిలి అశుభ్రముగా నుండెను. అది తమ పని కాదని అందరును ఊరకుండిరి. గాంధీజీ ఒక చీపురు సంపాదించి, తాను వాడుకొనుదానిని తానే శుభ్రపరచుకొనెను.

సభలు ముగిసిన పిమ్మట ఆయన ఇండియా క్లబ్బులో బస చేసెను. గోపాలకృష్ణ గోఖలే ఆయనను తన యింటికి ఆహ్వానించెను. గోఖలే అప్పటికే దేశమంతట పేరొందిన నాయకుడు. వయస్సున గాంధీజీకంటె మూడేండ్లు మాత్రమే పెద్ద. గాంధీజీది బిడియపు స్వభావము. పిలుపును సంతోషముతో అంగీకరించెను గాని తనంతట తాను వెళ్లుటకు సంకోచించెను. ఒకటి రెండు దినములు చూచి గోఖలేయే స్వయముగా వచ్చి ఆయనను వెంటబెట్టుకొని పోయెను. దేశములో నిలిచి పని చేయదలచినవాడు ఇట్లు ముడుచుకొని యుండరాదనియు, పదిమందితో పరిచయము చేసికొనవలెననియు ప్రేమతో మందలించెను.

దాదాపు నెల దినములు గాంధీజీ ఆ యింట నుండెను. గోఖలే ఆయనను సొంత తమ్మునివలె చూచెను. అతిథికి ఏమేమి కావలెనో అడిగి తెలిసికొని, అవి అన్నియు అమరునట్లు చేసెను. అయితే ఆ అతిథికి కావలసినవి బహు కొద్ది. తన పనులను తానే చేసికొనుట ఆయన కలవాటు. సేవకునితో ఆయనకు అంతగా పని లేకుండెను. ఆ శుభ్రతను, క్రమమును చూచి గోఖలే పలుమారులు మెచ్చుకొనెను.

వారి స్నేహమునకు ఒక చిన్న పరీక్ష కూడ వచ్చినది. గోఖలే ఎక్కడికి వెళ్లవలసినను గుఱ్ఱపుబండిలో వెళ్లుచుండెను. ట్రాముబండిలో ఏల పోరాదని గాంధీజీ ఒకనాడు అడిగెను. ఆ మాటకు గోఖలే మనస్సు నొచ్చినది. ట్రాములో స్వేచ్ఛగా తిరుగగల గాంధీజీని చూచి తనకు అసూయ కలుగుచున్నదనియు, పదిమందికి తెలిసిన ముఖమైనచో అది సాధ్యము కాదనియు చెప్పెను. నాయకులు చేయు ప్రతి పనియు సొంత సుఖమునకే యని తలపరాదని కూడ తెలిపెను. ఒకని జీవితమును మరియొకని కొలతతో కొలువరాదని ఆనాడు గాంధీజీకి తెలిసివచ్చినది. అయినను ఆ పాఠము పూర్తిగా ఒంటబట్టుటకు మరి పదేండ్లు పట్టినది. ఆ సంగతి ముందు చూడగలము.

ఆ యింటికి తరచుగా వచ్చు మిత్రులలో ప్రఫుల్లచంద్ర రాయ్ ఒకడు. ఆయన ప్రసిద్ధ రసాయన శాస్త్రాచార్యుడు. నెలకు ఎనిమిది వందల రూపాయల జీతములో నలుబది రూపాయలు మాత్రము తన కుంచుకొని, తక్కినదంతయు ప్రజాహిత కార్యములకు వినియోగించుచుండెను. ఇట్టివారి సాంగత్యమున గాంధీజీ సంకల్పము మరింత దృఢమయ్యెను.

రాజకోటకు మరలిపోవలసిన సమయము వచ్చెను. ఆ ప్రయాణమును మూడవ తరగతిలో చేయవలెనని గాంధీజీ నిశ్చయించుకొనెను. డబ్బు లేక కాదు. దేశములో అధిక సంఖ్యాకులు ఏ పెట్టెలో ప్రయాణము చేయుచున్నారో, ఆ పెట్టెలోని కష్టములను స్వయముగా చూడవలెనని ఆయన కోరిక. ఈ మాట విని గోఖలే మొదట నవ్వెను. ఉద్దేశము తెలిసిన పిమ్మట సంతోషముతో సమ్మతించెను.

ప్రయాణ సన్నాహము మొదలైనది. గాంధీజీ పండ్రెండణాలు పెట్టి ఒక కాన్వాసు సంచి కొనెను. నాడు రూపాయికి పదునారణాలు. కావున సంచి వెల ముప్పాతిక రూపాయి. పోరుబందరు ప్రాంతమున ఛాయా అను ఊరి ముతక ఉన్నితో చేసిన పొడవాటి కోటు ఒకటి సంపాదించెను. ఆ కోటు, ఒక ధోవతి, ఒక తువాలు, ఒక చొక్కా—ఇవి సంచిలోని వస్తువులు. కప్పుకొనుటకు ఒక కంబళి, నీటికి ఒక చెంబు సంచికి వెలుపల నుండెను. ఇంతటితో సామాను ముగిసినది. గోఖలే తన వంతుగా ఒక లోహపు టిఫిను డబ్బా ఇచ్చి, దాని నిండ లడ్లును, పూరీలును పెట్టించెను. తేలికైన ఆ మూటలో బరువైన వస్తు వేదైన నున్నచో, అది గోఖలే ప్రేమ యొక్కటియే.

స్టేషనుకు రావలదని గాంధీజీ ఎంత చెప్పినను గోఖలేయు, రాయ్‌గారును వినలేదు. మొదటి తరగతిలో వెళ్లుచున్నచో తాను రాకపోయెడివాడననియు, మూడవ తరగతిలో వెళ్లుచున్నందుననే రాక తప్పలేదనియు గోఖలే చెప్పెను. పట్టు తలపాగా ధరించిన గోఖలేను ప్లాటుఫారము మీదికి పోకుండ ఎవ్వరును ఆపలేదు. సాదా వంగ వేషముతో నున్న రాయ్‌గారిని మాత్రము టిక్కెట్టు కలెక్టరు ఆపివేసెను. ఈయన నా మిత్రుడని గోఖలే చెప్పిన తరువాతనే విడిచిపెట్టెను. వేషమును చూచి మనిషి విలువ కట్టు లోకపు తీరు గాంధీజీకి రైలెక్కక ముందే కనబడినది.

దారిలో కాశి, ఆగ్రా, జయపురము, పాలన్‌పూరు అను నాలుగు చోట్ల ఆయన ఒక్కొక్క దినము ఆగెను. పాలన్‌పూరున తప్ప తక్కిన చోట్ల సామాన్య యాత్రికులవలె ధర్మశాలలలోనో, పండాల యిండ్లలోనో దిగెను. మెయిలు బండ్లలో రద్దీయు, చార్జీయు హెచ్చని తలచి, సాధారణముగా ప్యాసింజరు బండ్లనే ఎక్కెను. పెట్టెలలో మురికి, మరుగుదొడ్ల దుస్థితి ఆయనకు మిక్కిలి బాధ కలిగించినవి. గొఱ్ఱెల మందను తోలినట్లు మనుష్యులను తోలుచున్నారని ఆయన తలచెను. అయితే తప్పంతయు రైల్వే వారిదే యని ఆయన అనలేదు. ఎక్కడబడిన నక్కడ ఉమ్మివేయుట, పెట్టెనంతయు పాడుచేయుట, తోటివారిని లెక్క చేయక కేకలు వేయుట—ఈ దురభ్యాసములు ప్రయాణికులవియే గదా! చదువుకొన్నవారు మూడవ తరగతిలో ప్రయాణము చేసి, మంచి అలవాట్లను తోటివారికి తమ నడవడిచే నేర్పవలెనని ఆయన అభిప్రాయము.

బండి ఉదయమున కాశి చేరెను. దిగగానే అనేకులు పండాలు చుట్టుముట్టిరి. వారిలో కొంచెము శుభ్రముగా, మంచివానిగా కనబడిన యొకనిని గాంధీజీ ఎన్నుకొనెను. ఆ యెన్నిక తప్పు కాలేదు. ఆ యింటి ముంగిట ఒక ఆవు కట్టివేయబడి యుండెను. మేడమీద అతిథికి బస ఏర్పాటయ్యెను. గంగాస్నానమును శాస్త్రోక్తముగా చేసిన పిమ్మటనే భుజింపవలెనని గాంధీజీ కోరెను. అయితే ఒక్క సంగతి ముందుగనే చెప్పెను: దక్షిణగా రూపాయి నాలుగణాలకు మించి ఇయ్యజాలనని, దానికి తగినట్లుగానే పూజ జరిపింపుమని. పండా వెంటనే సరేయనెను. యాత్రికుడు ధనికుడైనను, దరిద్రుడైనను తాము చేయు సేవ ఒక్కటియే యనియు, దక్షిణ మాత్రము వారి వారి శక్తిని బట్టి, ఇష్టమును బట్టి యుండుననియు పలికెను. అన్నట్లుగానే ఏ లోపమును చేయక మధ్యాహ్నము పండ్రెండు గంటల వరకు పూజ జరిపించెను. ముందుగా ఉన్నది ఉన్నట్లు చెప్పిన అతిథియు, ఆ మాటను మన్నించిన గృహస్థుడును ఒకరి యెడల నొకరు గౌరవము నిలుపుకొనిరి. జబ్బుపడి కోలుకొనుచున్న అనిబిసెంటమ్మను దర్శించి, గాంధీజీ ఆ యూరు విడిచెను.

రాజకోట చేరునప్పటికి, రైలు చార్జీలతో సహా ఆయనకైన ఖర్చు ముప్పది యొక్క రూపాయలకు మించలేదు. ఆ ప్రయాణమున చూచిన కష్టములను ఆయన మరువలేదు. 1917లో భారతదేశపు రైళ్లలోని మూడవ తరగతిని గూర్చి పత్రికలకు వ్రాసి, దేశప్రజల దృష్టికి తెచ్చెను. ఆ తరగతి 1974లో రద్దయినది.

పదేండ్లు గడచెను. 1912లో గోఖలే దక్షిణాఫ్రికాకు వెళ్లెను. ఈ మారు గోఖలే అతిథి, గాంధీజీ గృహస్థుడు. జొహానెస్‌బర్గు నగరమునకు ఇరువదియొక్క మైళ్ల దూరమున టాల్‌స్టాయి క్షేత్రమను ఆశ్రమము నెలకొల్పి, గాంధీజీయు ఆయన అనుచరులును అక్కడ శ్రమజీవనము గడుపుచుండిరి. అతిథికి ఆ జీవితమును చూపవలెనని గాంధీజీకి ఉత్సాహము. స్టేషను నుండి మైలున్నర దూరము నడక ఏర్పాటు చేసెను. గోఖలేను ముందుగా అడుగగా ఆయన అంగీకరించెను. దారిలో వాన కురిసెను. సున్నితమైన ఆరోగ్యము గల గోఖలేకు జలుబు చేసెను. ఆశ్రమమున అందరును నేలమీదనే పండుకొందురు. అతిథికై ఒక మంచము తెచ్చిరి. ఆ సంగతి తెలిసి గోఖలే మంచమును తీయించి, తన పక్కను కూడ నేలమీదనే పరపించుకొనెను. కాళ్లు పిసుకుదుమని ఎందరు బతిమాలినను ఒప్పుకొనలేదు. తన ఆదర్శమును అతిథి నెత్తిన పెట్టితినిగదా యని గాంధీజీ ఆ రాత్రియంతయు పశ్చాత్తాపముతో గడపెను. ఆ తప్పును తరువాత తానే గ్రంథస్థము చేసి లోకమునకు చెప్పుకొనెను. నిరాడంబరత్వము తన మూటకు విధించుకొనవలసిన నియమమేగాని, ఎదుటివాని వీపున మోపదగిన బరువు కాదు.

ఆ యాత్రలోనే మరియొక ముచ్చట జరిగినది. గోఖలే వద్ద ఒక కండువా కలదు. అది ఆయన గురువైన మహాదేవ గోవింద రానడే ఇచ్చినది. ముఖ్యమైన సమయములందు మాత్రమే దానిని ధరించెడివాడు. జొహానెస్‌బర్గున ఆయన గౌరవార్థము విందు జరుగనుండగా, ఆ కండువా ముడుతలు పడి యుండెను. ఇస్త్రీకి పంపుటకు వ్యవధి లేదు. తాను ఇస్త్రీ చేసెదనని గాంధీజీ అనెను. వకీలుగా నిన్ను నమ్మగలను గాని చాకలిగా నమ్మజాలనని గోఖలే పరిహాసమాడెను. ఆ కండువా పాడగునేమో యని ఆయన భయము. గాంధీజీ పట్టు విడువక దానిని చక్కగా ఇస్త్రీ చేసి ఇచ్చి, గోఖలే మెప్పు పొందెను. నాడు టిఫిను డబ్బాను నింపించి ఇచ్చిన చేతులకు ఇది ఆయన ప్రత్యుపకారము.

తేలిక మూటతో వెళ్లిన అతిథి గృహస్థునకు భారము కాడు. అతిథి మనస్సెరిగిన గృహస్థుని యింట అతిథికి కొరత కలుగదు. ఈ రెండును తెలిసినవానికి ఏ యూరును పరాయి ఊరు కాదు.

ప్రశ్నలు

1. గాంధీజీ మూడవ తరగతిలో ఏల ప్రయాణము చేయదలచెను? ఆయన సామాను ఏమి?
2. స్టేషనులో రాయ్‌గారికి జరిగినదాని వలన మనము గ్రహింపవలసిన దేమి?
3. కాశిలో గాంధీజీకిని పండాకును జరిగిన సంభాషణను మీ సొంత మాటలలో వ్రాయుడు.
4. టాల్‌స్టాయి క్షేత్రమున గాంధీజీ ఏల పశ్చాత్తాపపడెను?