పాలిషింగ్ మిషన్ ఎందుకు పాడవుతుంది? ఎక్కువ కాలం పని చేయాలంటే ఏం చేయాలి?

ఎవరి కోసం: స్వయం ఉపాధి పథకం కింద సబ్సిడీ, బ్యాంకు రుణంతో కారు వాషింగ్, డీటెయిలింగ్ యూనిట్ పెట్టుకున్న లబ్ధిదారుల కోసం. మీ దగ్గర పని చేసే కుర్రాళ్లకు కూడా చదివి వినిపించండి.

మీ యూనిట్ గ్రౌండింగ్ అయింది. షాపు తెరిచారు, కార్లు వస్తున్నాయి. పాలిషింగ్ మిషన్ ఆగితే ఆ పని ఆగుతుంది, కిస్తీ మాత్రం ఆగదు. ఉదాహరణకు మీ కిస్తీ నెలకు 2,400 రూపాయలు అనుకుందాం. అంటే రోజుకు 80 రూపాయలు. మిషన్ 10 రోజులు రిపేరు షాపులో ఉంటే 800 రూపాయలు సంపాదన లేకుండానే కట్టాలి. రిపేరు ఖర్చు, వెనక్కి పోయిన కస్టమర్లు దీనికి అదనం.

చాలా మిషన్లు పాతబడి పోవు. వేడి ఎక్కి, దుమ్ము పట్టి, నీళ్లు తగిలి, లేదంటే అరిగిన చిన్న భాగాన్ని టైముకు మార్చక పాడవుతాయి. ఈ నాలుగూ మీ చేతిలో ఉన్నవే.

1. మీ దగ్గర ఉన్నది ఏ రకం మిషన్?

రోటరీ: ప్యాడ్ ఒకే చోట గుండ్రంగా తిరుగుతుంది. వేగం సాధారణంగా నిమిషానికి 600 నుంచి 3,000 చుట్ల వరకు ఉంటుంది. గీతలు తొందరగా పోతాయి. కానీ ఒకే చోట ఆపితే పెయింట్ కాలిపోతుంది.

డ్యూయల్ యాక్షన్ (డీఏ): ప్యాడ్ తిరుగుతూనే పక్కలకు కూడా ఊగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇది మేలు. లోపల బరువు ముక్క, బేరింగులు ఉంటాయి కాబట్టి ప్లేటు, ప్యాడ్ సరైన సైజువే వాడాలి.

యాంగిల్ గ్రైండర్‌కు ప్యాడ్ తగిలించి పాలిష్ చేయకండి. చిన్న గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. కారు పెయింట్ మీద ఉండే క్లియర్ కోటు మందం సుమారు 50 మైక్రాన్లే, అంటే సన్నని తల వెంట్రుకంత. ఒక్క క్షణంలో లేచిపోతుంది. ఆ పెయింట్ ఖర్చు మీ మీదే పడుతుంది.

2. వేడి ఎందుకు ఎక్కుతుంది?

మోటారును చల్లబరిచే ఫ్యాను ఆర్మేచర్ షాఫ్టుకే ఉంటుంది. మోటారు మెల్లగా తిరిగితే ఫ్యాను కూడా మెల్లగా తిరుగుతుంది, గాలి తగ్గుతుంది. అందుకే తక్కువ స్పీడులో పెట్టి బలంగా నొక్కితే వైండింగ్ కాలుతుంది. “స్పీడు తగ్గించాను కదా, మిషన్‌కు ఏం కాదు” అనుకోవడం పొరపాటు.

• మిషన్ బరువుకు కొంచెం తోడు ఇస్తే చాలు. డీఏలో ప్యాడ్ తిరగడం ఆగి ఊగడం మాత్రమే కనిపిస్తే మీరు ఎక్కువ నొక్కుతున్నారని, లేదా ప్యాడ్ వాలుగా ఆనుతోందని అర్థం. ప్యాడ్‌కు గుర్తు పెట్టుకుంటే తిరుగుతోందో లేదో తెలుస్తుంది.
• ఒక ప్యానెల్ అయ్యాక మిషన్‌కు కాస్త విశ్రాంతి ఇవ్వండి.
• పని అయ్యాక వెంటనే ఆపకుండా, ప్యాడ్‌ను కారు మీద నుంచి తీసి ఒక నిమిషం ఖాళీగా తిప్పండి. లోపలి వేడి బయటికి పోతుంది.
• గాలి రంధ్రాలను చేతితోగానీ గుడ్డతోగానీ మూయకండి.

3. కార్బన్లు: చిన్న ఖర్చు, పెద్ద నష్టం

మన మెకానిక్‌లు ‘కార్బన్లు’ అనేవి మోటారులోకి కరెంటు అందించే బ్రష్‌లు. ఇవి అరగడానికే ఉన్నాయి. అరగడం తప్పు కాదు, చూసుకోకపోవడమే తప్పు. పూర్తిగా అరిగితే కార్బన్ సరిగా ఆనదు. మంటలా నిప్పురవ్వలు వచ్చి ఆర్మేచర్ మీది రాగి భాగం (కమ్యుటేటర్) గుంటలు పడుతుంది. కార్బన్ జత ధరకు ఆర్మేచర్ ధర ఎన్నో రెట్లు.

రోజూ పని ఉంటే నెలకోసారి విప్పి చూడండి. కార్బన్ మీద గీత గుర్తు ఉంటే అక్కడిదాకా అరగగానే మార్చండి. గుర్తు లేకపోతే 5, 6 మిల్లీమీటర్లు మిగిలినప్పుడే మార్చండి. రెండూ ఒకేసారి మార్చాలి, అదే మోడల్‌వి వేయాలి. వేరే మిషన్ కార్బన్‌ను రాకి సరిపెట్టకండి. కొత్తవి వేశాక కొన్ని నిమిషాలు లోడు లేకుండా తిప్పితే సర్దుకుంటాయి. ఒక జత ఎప్పుడూ షాపులో ఉంచుకోండి.

4. దుమ్ము, నీళ్లు

ఎండిన కాంపౌండ్ పొడి, ఊలు ప్యాడ్ పీచు గాలి రంధ్రాల నుంచి లోపలికి పోతాయి. ప్లగ్గు తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, వారానికోసారి కంప్రెసర్ గాలితో రంధ్రాలను కొంచెం దూరం నుంచి ఊదండి. స్విచ్ చుట్టూ కూడా ఊదండి.

వాషింగ్ చేసే చోట, ప్రెషర్ గన్ దగ్గర పాలిషర్ పెట్టకండి. తడిచేత్తో పట్టుకోకండి. కారు పూర్తిగా ఆరాకే పాలిష్ మొదలుపెట్టండి. లోపలికి నీళ్లు పోయాయని అనుమానం వస్తే ఆన్ చేసి చూడకండి, మెకానిక్‌కు ఇవ్వండి. షాపు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. అది ప్రాణానికి రక్షణ.

5. ప్లేటు, ప్యాడ్, వైరు

ప్యాడ్ అంటుకునే వెల్‌క్రో ప్లేటు వేడికి మెత్తబడి కొక్కేలు కరుగుతాయి. అప్పుడు ప్యాడ్ మధ్యలో ఊడి ఎగురుతుంది. రెండు, మూడు ప్యాడ్లు మార్చి మార్చి వాడండి. పని అయ్యాక ప్యాడ్‌ను తీసేయండి, ప్లేటుకే వదిలేయకండి. డీఏకు పెద్ద ప్లేటు బిగిస్తే బ్యాలెన్సు తప్పుతుంది. చేతులు తిమ్మిరెక్కుతాయి, బేరింగు పోతుంది.

వైరు ఎక్కువగా హ్యాండిల్ దగ్గరే తెగుతుంది. వైరు పట్టుకుని మిషన్‌ను లాగకండి, మోయకండి. 1,000 వాట్ల మిషన్ 4 ఆంపియర్లకు పైగా తీసుకుంటుంది. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు వాడితే వోల్టేజీ పడిపోతుంది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడండి, చుట్ట మొత్తం విప్పి పరవండి.

6. మిషన్ ఇచ్చే గుర్తులు

• వైరు కదిపితే నడుస్తుంది, వదిలితే ఆగుతుంది: వైరు లోపల తెగింది. టేపు చుట్టకండి, మార్పించండి.
• ఆగి ఆగి తిరుగుతుంది, రవ్వలు ఎక్కువ: ముందు కార్బన్లు చూడండి.
• ప్లగ్గు తీసి చేత్తో తిప్పితే గరగర శబ్దం: బేరింగు.
• రోటరీ తల భాగం బాగా కాలుతుంది, శబ్దం మారింది: గేరులో గ్రీజు అయిపోయి ఉండొచ్చు.
• కాలిన వాసన: వెంటనే ఆపండి. “ఈ ఒక్క కారు అయ్యాక చూద్దాం” అంటే వైండింగ్ పోతుంది.

7. కొనేటప్పుడు, పాడైనప్పుడు మీ హక్కు

కొటేషన్‌లో రాసిన మోడల్, బిల్లులో మోడల్, మిషన్ మీది ప్లేటులో మోడల్ మూడూ ఒకటేనా చూసుకోండి. బిల్లు మీ పేరు మీద, సీరియల్ నంబరుతో ఉండాలి. ఇంటి వాడకానికి చేసిన మిషన్‌ను షాపులో వాడితే వారంటీ ఇవ్వం అని కార్డులో రాసి ఉండొచ్చు. డబ్బు కట్టకముందే చదివించుకోండి. కార్బన్లు, ప్యాడ్లు లాంటి అరిగే భాగాలకు సాధారణంగా వారంటీ ఉండదు. వారంటీలో ఉండగా బయట విప్పించకండి.

మిషన్‌లోనే లోపం ఉండి, అమ్మినవాళ్లు పట్టించుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. “మీరు వ్యాపారానికి కొన్నారు, కేసు చెల్లదు” అంటే వెనక్కి తగ్గకండి. స్వయం ఉపాధితో కేవలం బతుకుదెరువు కోసం కొని, మీరే వాడుకుంటున్న వస్తువుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. సమస్య మొదలైన 2 సంవత్సరాల లోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. కొన్న వస్తువుకు కట్టిన ధర 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. బిల్లు, వారంటీ కార్డు, పాడైన మిషన్ ఫోటోలు దాచుకోండి.

గోడకు అంటించుకోండి

రోజూ: వైరు చూడండి, ఖాళీగా ఒక నిమిషం తిప్పి ఆపండి, ప్యాడ్ తీయండి.
వారానికోసారి: గాలి ఊదండి, ప్లేటు స్క్రూ బిగించండి.
నెలకోసారి: కార్బన్లు కొలవండి, బేరింగు శబ్దం వినండి, తేదీ పుస్తకంలో రాయండి.

ఏ పని చేసినా ముందు ప్లగ్గు తీయండి. ఈ పీడీఎఫ్‌ను మీలాగే యూనిట్ పెట్టుకున్న మరొకరికి పంపండి.